శంఖం తేనని చెప్పాను

పెదనాయన ఫోన్ చేసినప్పుడు నేను సముద్రం ఒడ్డున, వలలు విప్పుతున్న ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉన్నాను. గాలి హోరులో ఆయన మాట సగమే వినిపించింది. లేచి ఒక పడవ చాటుకు వెళ్లాను.

"శంఖానికి బొక్క పడిందమ్మా. ఊదితే గాలంతా పక్కకు పోతాండాది. పెరటాసి నెల దగ్గరికొస్తాండాది. నువ్వు సముద్రం గట్టునే ఉండావు కదా, మంచిది ఒకటి సూసి తీసుకోనిరా."

తేనని చెప్పాను.

ఫోన్ కట్ అయిందేమోనని చూసుకున్నాను. కాలేదు.

"యాల?" అన్నాడు చివరికి.

"అది ప్రాణి పెదనాయనా. నేను వాటిని కాపాడే పనిలో ఉండాను."

"స్వామి కోసం గదమ్మా అడిగేది. కూర వండుకునేదానికి కాదు గదా."

"స్వామిదే కాబట్టి తేను."

పెట్టేశాడు. ఆయన నాతో మాట మధ్యలో ఫోన్ పెట్టేయడం అదే మొదలు.

ఆయన ఏమడిగాడో తెలియాలంటే మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. పుంగనూరుకూ సదుముకూ మధ్య, గుట్టల నడుమ ఉన్న పల్లె మాది. గొర్రెలు, ఆవులు, వాన పడితే వేరుశనగ. మా ఇంట్లో ప్రతి తరంలోనూ ఒక మగమనిషి స్వామి సేవకుడినని దాసరి ముద్ర వేయించుకుంటాడు. తమిళ లెక్కలో గోవిందుడి నెల అయిన పెరటాసి శనివారాల్లో నామం పెట్టుకుని, దీపపు సెమ్మె పట్టుకుని, శంఖం ఊది ఊళ్లో మొదటి అడుగు వేసేది ఆయనే. ఆ శంఖం మోగాకే ఊరంతా గోవిందా అంటుంది. ఇంటింటా పోసిన బియ్యాన్ని వండి కులం, ఇల్లు చూడకుండా అందరికీ పెడతారు. ఈ తరంలో ఆ ముద్ర మా పెదనాయనది. మోకాళ్లు పనిచేయక మంద అమ్మేశాడు. పొలం కౌలుకిచ్చాడు. ఊళ్లో ఆయనకంటూ మిగిలింది ఆ మొదటి అడుగే. ఆయనకు ఉన్నది ఒక్కతే కూతురు, నాకు అక్క. అల్లుడు, అంటే మా బావ, కుప్పంలో గ్రానైట్ వ్యాపారం చేస్తాడు, మా పల్లెలో కొత్తగా ఇల్లు కూడా కట్టుకున్నాడు. మామ శంఖం పగిలిందని తెలియగానే తానే కొత్తది తెస్తానన్నాడు. ఊదేది కూడా తానేనని, ఊరేగింపు తన కొత్త ఇంటి నుంచే బయలుదేరాలని కూడా అన్నాడు. నేను తేకపోతే పెదనాయన మొదటి అడుగు అల్లుడి పాలవుతుంది. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసే తేనన్నాను.

ఇక నా వైపు సంగతి. నేను చదివింది సముద్ర జీవుల శాస్త్రం. చేసేది శంఖాల మీద పని. శంఖం లోపల మెత్తటి ప్రాణి ఉంటుంది. ఇసుకలో సగం కూరుకుని, పురుగులను తింటూ, చాలా నిదానంగా పెరుగుతుంది. గుడ్లు పెట్టే వయసు రావడానికే ఏళ్లు పడుతుంది. ఆ లోపే వలలు నేలను గీకి ఎత్తేస్తాయి. మా తీరంలో నీళ్లు తేటగా ఉన్న రోజు ముసలి జాలర్లు వంగి చూసి, ఇక్కడ శంఖాలు పరిచినట్టు ఉండేవని చెబుతారు. ఇప్పుడక్కడ ఇసుకే ఉంటుంది. జాలరి పల్లెల్లో కూర్చుని, చిన్న శంఖం వలలో పడితే తిరిగి నీళ్లలో వేయమని అడగడం నా పని. బతిమాలతాను, వాదిస్తాను, కొన్నిసార్లు తిట్లు తింటాను. ఒక జాలరి అక్క మొదటి ఏడాదే నాతో నవ్వుతూ అంది, "నువ్వు ఒక్కటి సంచిలో ఏసుకున్న రోజు మేం గంపలకు గంపలు ఏసుకుంటాం, సూస్కో." నవ్వుతూ అన్నా అది హాస్యం కాదు. వాళ్ల కూటిలోంచి తీసి నీళ్లలో వేయమని అడుగుతున్నదాన్ని, మా ఇంటి పూజకు ఒకటి ఎత్తుకుపోతే ఆ తీరంలో నా మాటకు విలువ ఎక్కడుంటుంది?

సముద్రాన్ని నేను పెద్దయ్యాకే చూశాను. చిన్నప్పుడు బడికి కూడా వెళ్లలేదు. మంద మేతకు ఏడాదిలో సగం రోజులు ఊళ్లు మారే ఇల్లు మాది. అమ్మే చదువు చెప్పింది. సంకటి కెలుకుతూ ఎక్కాలు చెప్పించేది. తప్పు చెబితే గరిటె ఆగేది, కోపంతో కాదు, నేను సరిచేసుకునే దాకా ఆగేది. ప్రైవేటుగా పది రాసి మదనపల్లెలో కాలేజీలో చేరేనాటికి నాకు తరగతి గది అంటేనే కొత్త. ఇప్పటికీ పొద్దున్నే ఒడ్డున నిలబడి సూర్యుడికి దండం పెట్టేటప్పుడు ముందు అమ్మను తలుచుకుంటాను, తర్వాతే దేవుణ్ణి. దేవుడు ఏమీ అనుకోడనే నా నమ్మకం.

సెలవు పెట్టి ఊరికి వెళ్లాను. ఫోన్‌లో చెప్పిన మాట ఎదురుగా నిలబడి చెప్పాలని.

పెద్దమ్మ తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా పక్కకు జరిగింది. చేతిలో చెంబు ఉన్నా నీళ్లివ్వలేదు. నేనే తీసుకుని తాగాను.

"సముద్రమంతా నీదే అనుకుంటాండావంట" అంది.

"నాది కాదు కాబట్టే తేలేదు పెద్దమ్మా."

"మాటలు బాగా నేర్పించింది మీయమ్మ."

"నేర్పించింది. ఆమెకు దండం."

పెదనాయన మంచం మీద కూర్చుని నా వైపు చూడకుండా ఒత్తులు చేస్తున్నాడు. దేవుడి గూట్లోంచి శంఖం నేనే తీశాను. చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసింది. చిన్నప్పుడు రెండు చేతులా ఎత్తిన బరువు లేదు. నా చేయి పెరిగిందనుకోవచ్చు, కానీ వాకిట్లోకి తెచ్చి ఎండకు పట్టుకుంటే వీపు భాగంలో వెలుగు దాటి వస్తోంది, పల్చటి ఉల్లిపొరలోంచి వచ్చినట్టు. చిటికెన వేలి కొన పట్టేంత బొక్క. విరిగింది కాదు. అరిగింది.

"దీన్ని ఎట్ల కడుగుతారు పెద్దమ్మా?"

"ఎట్ల కడుగుతారు? చింతపండేసి. ఇత్తడి సామాన్లతో పాటే."

"ప్రతి శనివారమా?"

"నెలపొడుగునా. ఏకాదశికి కూడా. మా అత్త నేర్పించింది. తెల్లగా మల్లెపువ్వు మాదిరి వస్తాది."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. సముద్రం ఒడ్డున పుట్టిన ఏ ఆడమనిషీ ఈ పని చేయదు. శంఖం ఒళ్లంతా సున్నమే. పులుపు తగిలితే సున్నం కరిగిపోతుంది. మా మెట్ట ఊళ్లో గూట్లో మెరిసే వస్తువులన్నీ ఇత్తడివే కాబట్టి, శంఖానికీ ఇత్తడి మర్యాదే చేశారు. తరతరాల కోడళ్లు శనివారం శనివారం తోమి తోమి దాని ఒంట్లోంచి పొరపొరగా తీసేశారు. చెప్పాను.

పెద్దమ్మ ముఖం నల్లబడింది. "అయితే నేనే తినేసినానా దాన్ని?"

"నువ్వొక్కదానివే కాదు. మీ అత్త, ఆమె అత్త, అందరూ."

అప్పటి దాకా ఒత్తుల మీద నుంచి తల ఎత్తని పెదనాయన ఒక్కసారిగా నవ్వాడు. "ఇంట్లో ఆడోళ్లంతా కలిసి స్వామి శంఖానికి పులుసు కాసినారు పో."

"నువ్వు ఊదేవాడివే గదా, ఊదేటప్పుడు తెలీలేదా?" అని పెద్దమ్మ ఎదురు తిరిగింది. ఆ గొడవలో నా తప్పు కొంచెం పక్కకు పోయింది. మధ్యాహ్నం నాకు అన్నం పెట్టింది.

తిన్నాక సంచిలోంచి ఒడ్డుకు కొట్టుకొచ్చిన శంఖపు గుడ్ల గూడు తీసి పెదనాయన చేతిలో పెట్టాను. పిల్లలు వెళ్లిపోయాక మిగిలిన ఖాళీ గూడు. అది మెలికలు తిరిగి, గట్లు గట్లుగా ఉంటుంది. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పొట్టేలి కొమ్ము మాదిరి ఉండాదే."

"ఆ గట్ల మధ్య గదుల్లో పిల్లలుంటాయి. కొన్నాళ్లకు బయటికొస్తాయి."

"శంఖం ఈనతాదా?" అన్నాడు. చిన్నప్పటి నుంచి దాన్ని నోటి దగ్గర పెట్టుకున్న మనిషి. "నేను రాయి అనుకున్నా. గుట్టలో రాయి మాదిరి సముద్రంలో దొరికే రాయి."

"మా కాలేజీకి పోయే దాకా నేనూ అట్లే అనుకున్నా."

ఆయన గూడు తిరిగి ఇవ్వకుండా దిండు పక్కన పెట్టుకున్నాడు.

మరునాడు పాత శంఖాన్ని తువ్వాలులో చుట్టుకుని మదనపల్లె బస్సెక్కాను. దాన్ని బాగుచేసేవాళ్లెవరని అడిగితే ఒకరు కంసాలి అన్నారు, ఒకరు మైనం పెట్టమన్నారు. మైనం ఎండకు కారిపోతుంది. సున్నంతో తయారైన గట్టి వస్తువుకు బొక్క పడితే పూడ్చే మనుషులు ఎవరా అని ఆలోచిస్తే, పెదనాయనకు కట్టుడు పళ్లు పెట్టిన డాక్టరమ్మ గుర్తొచ్చింది. చిన్న క్లినిక్. ముందు బెంచీ మీద టమాటా మార్కెట్ నుంచి వచ్చిన ఒకాయన దవడ పట్టుకుని కూర్చున్నాడు. నా ఒళ్లో మూట చూసి, "ఎవరికమ్మా నొప్పి?" అన్నాడు. తువ్వాలు విప్పి చూపించాను. నొప్పి మరిచి నోరు తెరిచాడు.

డాక్టరమ్మ కూడా ముందు నవ్వింది. "అక్కా, ఇది ఏ పన్ను? ముందుదా, దవడదా?"

"స్వామిది" అన్నాను.

ఆమె నవ్వు ఆపి, భూతద్దం పెట్టుకుని చూసింది. పంటికీ దీనికీ పెద్ద తేడా లేదని నేను చెప్పబోయేలోపే ఆమె వేలితో అంచు తడిమి, "పులుపుకు అరిగింది కదా" అంది. కూల్‌డ్రింకులు తాగే పిల్లల పళ్లు ఇలాగే ఉంటాయట. అరిగిన అంచులు గీకి, పొర మీద పొర సిమెంటు నింపి, నీలం దీపంతో గట్టిపరిచి, పాలిష్ కూడా పెట్టింది. ఫీజు వద్దంది. "మా అమ్మమ్మ పెరటాసి భిక్షకు వెళ్లేది అక్కా. ఊదినప్పుడు వీడియో పంపించు చాలు." ఆమెకు ఆ రోజు మనసులో పెట్టిన దండం ఇక్కడ మళ్లీ పెడుతున్నాను.

పెరటాసి మొదటి శనివారం వచ్చింది. మా ఇంటి ముందు ముగ్గేసి, సెమ్మె వెలిగించారు. జనం చేరారు. సరిగ్గా అప్పుడు బావ కారు వచ్చి ఆగింది. అక్క దిగింది, పట్టుచీరలో. బావ చేతిలో ఎర్ర మఖ్మల్ పెట్టె. తెరిచి అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. తెల్లగా, నిగనిగలాడుతూ కొత్త శంఖం.

"మామా, అతుకేసింది పక్కన పెట్టు. ఇది సూడు, పాలమాదిరి ఎట్లుండాదో. మన ఇంటికాడినుంచి మొదలుపెడదాం, రాండి."

పెదనాయన నా వైపు చూశాడు. జనమూ చూశారు. ఇలాంటి చోట మా ఊళ్లో ఆడమనిషి వెనక నిలబడుతుంది. నేను ముందుకొచ్చి పెట్టెలోంచి ఆ శంఖాన్ని తీసుకున్నాను. పిడికిలి కంటే కొంచెం పెద్దది. అంచు ఇంకా పల్చన, మందం పట్టలేదు. దానికి గుడ్లు పెట్టే వయసు రాలేదు. ఇలాంటివాటినే నేను ఒడ్డున వలల్లోంచి విడిపించి నీళ్లలో వేస్తుంటాను.

"పెదనాయనా, ఇది పిల్ల. ఈనలేదు."

"అంటే?" అన్నాడు బావ.

నేను బావకు చెప్పలేదు. ఆ మాట ఎవరికి అర్థమవుతుందో ఆయనకే చెప్పాను. "మన మందలో ఆడపిల్లను ఈనకముందు ఎప్పుడన్నా కోతకు ఇచ్చినావా?"

మా ఇళ్లలో ఆ పని చేయరు. ఎంత కరువొచ్చినా పొట్టేళ్లను అమ్ముతారు, ముసలి గొర్రెలను అమ్ముతారు. ఈనని ఆడపిల్లను మందలోనే ఉంచుతారు. అది పోతే మంద పోతుంది. కరువు ఏడాది ఒకరు అలా అమ్మితే ఆయన వాకిట్లో ఎవరూ నీళ్లు తాగలేదని చెప్పుకునేవాళ్లు.

పెదనాయన కొత్త శంఖాన్ని నా చేతిలోంచి తీసుకుని, అంచు మీద బొటనవేలు పెట్టి చూశాడు, గొర్రెపిల్ల పళ్లు చూసినట్టు.

"నిజమే" అన్నాడు. "పిల్లే."

"మామా! శంఖానికీ గొర్రెకూ సంబంధమేంది? ఊరంతా సూస్తాండాది, ఈ పాప మాట పట్టుకోని నన్ను అవమానం సేస్తాండావు."

గుంపులోంచి ఒక పెద్దాయన కూడా అందుకున్నాడు. "అతుకు శంఖం ఊదితే అపచారం అప్పా. సిమెంటు పెట్టినారంట దానికి."

పెదనాయన ఆయన వైపు తిరిగాడు. "నా నోట్లో ఉండేవి ఎవరి పండ్లు? అదే డాక్టరమ్మ పెట్టినవి. ఇన్నేండ్లుగా ఈ నోటితోనే గదా గోవిందా అంటాండా. స్వామి ఇనలేదా ఏంది?"

ఎవరో నవ్వారు. ఆడవాళ్ల వైపు నుంచి, పెద్దమ్మే అనుకుంటాను. ఆయన కొత్త శంఖాన్ని పెట్టెలో పెట్టి, మూత వేసి, అల్లుడి చేతికిచ్చాడు. "గూట్లో పెట్టుకోని పూజ సెయ్యి నాయనా. సచ్చిపోయిన పిల్లను ఊదను నేను." తర్వాత పాత శంఖాన్ని ఎత్తి ఊదాడు.

గొంతు మారింది. మునుపటి మోత కాదు, కాస్త లోతుగా, బొంగురుగా వచ్చింది. కానీ గాలి పక్కకు పోలేదు. గోవిందా అన్నారు. అందరూ అనలేదు. కొంతమంది బావ కారు దగ్గరే నిలబడిపోయారు. మేం నడిచాం. నేను సెమ్మె పట్టుకుని పెదనాయన పక్కనే నడిచాను, వెనక కాదు.

తిరిగొచ్చేసరికి కారు లేదు. అక్కా బావా అన్నం తినకుండా వెళ్లిపోయారు. ఆ బియ్యం అన్నం తినకుండా పోవడం మా ఊళ్లో ఎవరూ చేయని పని. పెద్దమ్మ రెండు విస్తళ్లు వేసి ఉంచింది. సాయంత్రానికి అవి ఎండిపోయాయి.

నేను సముద్రానికి తిరిగి వెళ్లేముందు కుప్పం వెళ్లాను. చెప్పకుండా వెళ్లాను, చెబితే ఇంట్లో ఉండరని. అక్క తలుపు తీసింది. చెయ్యి పట్టి లోపలికి లాగి తిట్టడం మొదలుపెట్టింది.

"నా మొగుడు తలెత్తుకోలేకుండా సేస్తివి గదే. ఒక్క శంఖం మే. ఒక్కటి తీస్తే సముద్రం ఎండిపోతాదా?"

"ఒక్క లారీ రాయి తీస్తే మీ ఇంటెనక గుట్ట కరిగిపోతాదా అని మీ ఆయన్నడుగు."

"ఆ గుట్ట యాడుండాది ఇప్పుడు!" అనేసి, అన్నాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వొచ్చింది ఆమెకు. ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి రావడం మా ఇంటి ఆడవాళ్లకు మామూలే.

బావ లోపలి గదిలోంచి వచ్చాడు. అన్నీ విన్నట్టే ఉన్నాడు.

"క్షమించమని అడిగేదానికి వచ్చినావా?"

"లేదు బావా. అన్నం తినేదానికి వచ్చినా. నువ్వు మా ఇంట్లో తినకుండా పోయినావు. నేను మీ ఇంట్లో తినే పోతాను."

"ఇంకోటి ఆర్డర్ ఇచ్చినా. పెద్దది."

"కాన్సిల్ చెయ్యి."

"సెయ్యకపోతే?"

"వచ్చే పెరటాసికి మళ్లీ ఇదే మాట చెప్తా. ఈసారి నీ వాకిట్లో నిలబడి."

"పట్టు సాలా ఉండాది నీకు."

"ఉండాది. ఎవురిచ్చినారో వాళ్లకు దండం పెట్టుకుంటా రోజూ."

నిజంగానే పెట్టుకుంటాను. అమ్మకు, ఆ జాలరి అక్కకు, ఒట్టి చేతులతో నన్ను ఒడ్డున నిలబెట్టిన దేవుడికి. వినయంగా అడిగితే సరిపోయే చోట వినయంగానే అడిగాను ఇన్నేళ్లూ. సరిపోని చోట ఎదురు నిలబడడం కూడా భక్తేనని నాకు నేనే నేర్పుకున్నాను. ఆ రోజు కుప్పంలో కూడా మాట వెనక్కి తీసుకోలేదు.

అక్క వంటింట్లోకి వెళ్లి రెండు పళ్లేలు తెచ్చింది. రాగి సంకటి, శనక్కాయలు నూరిన ఊరిబిండి, పైన నెయ్యి. ఒకటి నా ముందు పెట్టింది. ఇంకొకటి నా ఎదురుగా నేల మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయింది. బావ చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. తర్వాత చేతులు కడుక్కొచ్చి ఆ పళ్లెం ముందు కూర్చున్నాడు. ముద్ద తుంచి ఊరిబిండిలో అద్దుకున్నాడు. నా పళ్లెం ఖాళీ అయ్యాక అక్కను పిలిచి ఇంకొక ముద్ద వేయమన్నాను.